ఫ్యూజ్ బాక్స్ మార్చినవాడి బాధ్యత ఎంతవరకు? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఇంగ్లండ్‌లో పాత ఇల్లు కొనుక్కున్న తెలుగు కుటుంబాలవే. ఫ్యూజ్ బాక్స్, అంటే అక్కడివాళ్లు కన్స్యూమర్ యూనిట్ అనేది, మార్పించుకున్నవాళ్లు కొందరు, మార్పించుకోవాలా వద్దా అని ఆలోచిస్తున్నవాళ్లు కొందరు. ఒక ఉత్తరం మాత్రం కాకినాడ ఇంటి గురించి. చాలామందికి పనికొస్తాయనుకున్నవి కింద ఇస్తున్నాను.

ప్రశ్న (రెడింగ్ నుంచి ఒక పాఠకురాలు): మేం పోయినేడాది 1960ల నాటి సెమీ డిటాచ్డ్ ఇల్లు కొన్నాం. మెట్ల కింద పాతకాలం ఫ్యూజ్ బాక్స్ ఉండేది, తీగ చుట్టుకునే ఫ్యూజులు. మావారి స్నేహితుడికి తెలిసిన అబ్బాయి ఒకతను వచ్చి ఒక్క పూటలో కొత్త మెటల్ బాక్స్ బిగించి, డబ్బు చేతికి తీసుకుని వెళ్లాడు. అప్పటినుంచి మెట్ల పైన లైటు వేస్తే ఒక్కోసారి కింద లైట్లన్నీ పోతున్నాయి, ఒక్కోసారి పైవి పోతున్నాయి. ఫోన్ చేస్తే "నేను బాక్స్ మాత్రమే మార్చాను అక్కా, వైరింగ్ మీ ఇంటిది, పాతది, దానికి నేనేం చేయను" అంటున్నాడు. కాగితం ఏదీ ఇవ్వలేదు. మనవాడే కదా అని మేమూ గట్టిగా అడగలేదు. అతను చెప్పేది న్యాయమేనా?

జవాబు: వైరింగ్ పాతది, అందులోని లోపం అతను పెట్టింది కాదు, అంతవరకు నిజమే. "బాక్స్ మాత్రమే మార్చాను" అన్న మాట మాత్రం ఒప్పుకోవడానికి వీల్లేదు. బాక్స్ మార్చినవాడు ఇంట్లోని ప్రతి సర్క్యూట్‌నూ కొత్త రక్షణ పరికరానికి కలిపి మళ్లీ కరెంటు ఇస్తున్నాడు. ఆ సర్క్యూట్లు కరెంటు ఇవ్వదగ్గ స్థితిలో ఉన్నాయా లేదా అని చూసుకోవడం అతని పనే. దాన్ని ఎవరూ అదనపు సేవ కింద లెక్కేయరు, బాక్స్ మార్చడంలో అసలు పనే అది.

ముందు మీ ఇంట్లో ఏం జరుగుతోందో చెబుతాను. మీరు రాసిన లక్షణాలను బట్టి ఇది చాలా పాత ఇళ్లలో కనిపించే సంగతే, ఇంగ్లిష్ ఎలక్ట్రీషియన్లు 'బారోడ్ న్యూట్రల్' అంటారు. ఆ రోజుల్లో వైరింగ్ చేసినవాళ్లు తీగ ఆదా అవుతుందని మెట్ల పై లైటుకి ఫేజు కింద హాలు స్విచ్ నుంచి, అంటే కింది అంతస్తు సర్క్యూట్ నుంచి తీసుకుని, న్యూట్రల్ మాత్రం దగ్గర్లో ఉన్న పై అంతస్తు సర్క్యూట్‌కి కలిపేశారు. పాత ఫ్యూజుకి దీంతో పేచీ లేదు, దానికి ఎంత కరెంటు వెళ్తోందన్నదే లెక్క. కొత్త బాక్సులో ఒక్కో సర్క్యూట్‌కి ఉండే ఆర్‌సీబీఓ అనే బ్రేకర్ అలా కాదు. ఫేజులో బయటికి వెళ్లిందంతా అదే సర్క్యూట్ న్యూట్రల్‌లో తిరిగొచ్చిందా అని అనుక్షణం పోల్చి చూస్తుంది, తేడా 30 మిల్లీఆంపియర్లు దాటే లోపే కట్ చేసేస్తుంది. మీ మెట్ల లైటు వెలిగినప్పుడు కింది ఆర్‌సీబీఓకి కరెంటు వెళ్లడం కనిపిస్తుంది, రావడం కనిపించదు. పైదానికి వెళ్లనిది వచ్చినట్టు కనిపిస్తుంది. ఏది ముందు పడితే అది పడుతుంది. 9 వాట్ల చిన్న ఎల్‌ఈడీ బల్బు కూడా 230 వోల్టుల మీద దాదాపు 40 మిల్లీఆంపియర్లు తీసుకుంటుంది కాబట్టి ఒక్క బల్బు చాలు. అంతకన్నా చిన్న బల్బు పెడితే ట్రిప్ అవ్వడం ఆగిపోవచ్చు కూడా, కానీ దయచేసి అలా సర్దుకుని ఊరుకోకండి.

ఎందుకంటే ఇది విసుగు తెప్పించే లోపం మాత్రమే కాదు, ప్రమాదం. రేపు ఎవరో పై గదిలో లైటు మార్చడానికి పై సర్క్యూట్ బ్రేకర్ ఆఫ్ చేసి, ఇక కరెంటు లేదనుకుని న్యూట్రల్ తీగల ముడి విప్పుతారు. అప్పుడు కింద మెట్ల స్విచ్ ఆన్‌లో ఉంటే, కింది సర్క్యూట్ కరెంటు ఆ బల్బు గుండా వచ్చి, విప్పిన న్యూట్రల్ తీగలో నిలబడి ఉంటుంది. స్టూలు మీద నిలబడి ఉన్న మనిషికి షాక్ కొడితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. మీ కొత్త బాక్స్ దశాబ్దాలుగా దాగి ఉన్న లోపాన్ని బయటపెట్టింది, దాని పని అది సరిగ్గానే చేస్తోంది.

ఇప్పుడు ఆ అబ్బాయి చేయాల్సింది ఏమిటి అన్నది. పాత బాక్స్ మూత విప్పకముందే మెయిన్ ఎర్త్ తీగ, గ్యాసు పైపుకీ నీళ్ల పైపుకీ వెళ్లే బాండింగ్ తీగలు ఉన్నాయా, తగినంత లావున్నాయా చూడాలి. ఆ తర్వాత మెయిన్ ఆపి, మళ్లీ ఎవరూ వేయకుండా లాక్ చేసి, నిజంగా కరెంటు లేదని మీటరుతో నిర్ధారించుకుని, ఒక్కో సర్క్యూట్‌ను విడదీసి పరీక్షించాలి. ఎర్త్ తీగ చివరిదాకా తెగకుండా ఉందా, సాకెట్లన్నిటినీ చుట్టి మళ్లీ బాక్స్‌కే వచ్చే తీగ, అంటే సాకెట్ల రింగు, పూర్తిగా ఉందా, తీగల పైతొడుగు ఇంకా గట్టిగా ఉందా. ఈ చివరిదాన్ని 500 వోల్టుల డీసీ పెట్టి చూస్తారు, కనీసం ఒక మెగాఓమ్ నిరోధం రావాలి. విడివిడిగా ఉండాల్సిన రెండు సర్క్యూట్లు ఎక్కడైనా కలిశాయేమో అని ఈ దశలోనే చూసి ఉంటే మీ మెట్ల లైటు గుట్టు అప్పుడే బయటపడేది. కరెంటు ఇచ్చాక ఇంకొన్ని పరీక్షలుంటాయి: ఫేజు న్యూట్రల్ తారుమారు కాలేదుగా, లోపం వస్తే బ్రేకర్ సమయానికి పడేంత తక్కువ నిరోధం ఎర్త్ దారిలో ఉందా, ఆర్‌సీబీఓ 300 మిల్లీసెకన్లలోపు పడుతోందా. మూడు పడగ్గదుల ఇంట్లో ఇవన్నీ చేస్తూ బాక్స్ మార్చడం మామూలుగా రోజంతా పట్టే పని. ఒక్క పూటలో ముగించాడంటే బిగించడం అయింది, పరీక్ష జరగలేదు అనే నాకనిపిస్తోంది. చివరికి ఒక్కో స్విచ్ వేసి చూసుకున్నా ఈ ట్రిప్పింగ్ అతని కళ్ల ముందే జరిగేది.

ఇక కాగితం సంగతి. ఇంగ్లండ్‌లో ఇళ్లలోని కరెంటు పని 2005 జనవరి నుంచి బిల్డింగ్ రెగ్యులేషన్స్‌లోని పార్ట్ పి కిందికి వచ్చింది. 2013లో చాలా చిన్నాచితకా పనులకు మినహాయింపు ఇచ్చారు కానీ, కన్స్యూమర్ యూనిట్ మార్చడం ఇప్పటికీ లోకల్ కౌన్సిల్‌కి తెలియజేయాల్సిన పనుల్లోనే ఉంది. ఎలక్ట్రీషియన్ ఎన్ఐసీఈఐసీ, నాపిట్ లాంటి రిజిస్టర్డ్ స్కీములో సభ్యుడైతే తన పనికి తానే ధ్రువీకరణ ఇచ్చుకోవచ్చు. పని పూర్తయిన 30 రోజుల్లో స్కీము ద్వారా కౌన్సిల్‌కి సమాచారం వెళ్లాలి, మీకు బిల్డింగ్ రెగ్యులేషన్స్ కంప్లయన్స్ సర్టిఫికెట్ రావాలి. సభ్యుడు కాకపోతే పని మొదలుపెట్టకముందే కౌన్సిల్ బిల్డింగ్ కంట్రోల్‌కి తెలియజేసి, ఫీజు కట్టి, తనిఖీ చేయించుకోవాలి. లేదంటే తనిఖీకి అర్హత ఉన్న ఇంకో రిజిస్టర్డ్ వ్యక్తిని ముందే మాట్లాడుకోవాలి.

ఇది ఒక కాగితం. రెండోది ఎలక్ట్రికల్ ఇన్‌స్టలేషన్ సర్టిఫికెట్. ఇది ఎలక్ట్రీషియన్ స్వయంగా ఇచ్చేది, దీనికి జతగా ఒక్కో సర్క్యూట్ పరీక్ష ఫలితాలు అంకెలతో సహా ఉండాలి. చిన్న పనులకిచ్చే మైనర్ వర్క్స్ సర్టిఫికెట్ ఇస్తానంటే ఒప్పుకోకండి, బాక్స్ మార్చినప్పుడు అది చెల్లదు. ఈ సర్టిఫికెట్‌లో "పాత ఇన్‌స్టలేషన్ మీద వ్యాఖ్యలు" అని ఒక గడి ఉంటుంది. నా దృష్టిలో మొత్తం కాగితంలో ఎలక్ట్రీషియన్ నిజాయతీ తెలిసే చోటు ఆ గడే. తాను ముట్టుకోని పాత వైరింగ్‌లో ఏ లోపాలు కనిపించాయో అక్కడ రాయాలి. అరవై ఏళ్ల ఇంట్లో అది ఖాళీగా ఉందంటే చూడలేదనే అర్థం.

పాత లోపాన్ని అతనే ఉచితంగా బాగుచేయాలా అంటే, అక్కర్లేదు. మీరు మాట్లాడుకున్నది బాక్స్ ధర, కొత్తగా తీగ లాగడానికి వేరే ఖర్చవుతుంది, అది మీరు పెట్టుకోవాల్సిందే. కానీ లోపం కనుక్కోవడం, పాత బాక్స్ తీసేయకముందే మీకు చెప్పడం, ప్రమాదకరమైన సర్క్యూట్‌కి కరెంటు ఇవ్వకుండా ఆపడం, ఇవి మూడూ అతని నెత్తిన ఉన్న బాధ్యతలు. ముందే చెప్పి ఉంటే ఆ ఖర్చు పెట్టాలో, బాక్స్ మార్పు వాయిదా వేయాలో మీరు నిర్ణయించుకునేవారు. అతను మీ దగ్గర్నుంచి లాక్కున్నది ఆ అవకాశం.

ఇప్పుడు చేయాల్సింది: మెట్ల పై లైటు వాడకం ఆపేయండి. అతనికి ఫోన్‌లో కాదు, మెసేజ్‌లోనో మెయిల్‌లోనో రాతపూర్వకంగా అడగండి: ఏ స్కీములో సభ్యుడు, పరీక్ష ఫలితాలతో సర్టిఫికెట్ ఎప్పుడు ఇస్తాడు, లైటు లోపం చూడటానికి ఎప్పుడు వస్తాడు. మనవాడు, మొహమాటం అని ఊరుకోవద్దు, మీ ఇంట్లో పిల్లలు తిరుగుతారు. 2015 కన్స్యూమర్ రైట్స్ యాక్ట్ ప్రకారం ఏ పనైనా తగినంత జాగ్రత్తతో, నైపుణ్యంతో చేయాలి, చేయకపోతే మళ్లీ సరిగ్గా చేయమని అడిగే హక్కు మీకుంది, నగదు ఇచ్చినంత మాత్రాన ఆ హక్కు పోదు. వచ్చి "ఆర్‌సీబీఓ తీసేసి మామూలు ఎంసీబీ పెడతాను, ట్రిప్ అవ్వదు" అంటే మాత్రం గుమ్మంలోంచే వెనక్కి పంపేయండి, ఎంసీబీ కరెంటు మోతాదు మించితేనే పడుతుంది, ఈ తేడాను చూడదు. ఇళ్లలో లైట్ల సర్క్యూట్లకు కూడా 30 మిల్లీఆంపియర్ల రక్షణ ఉండాలని బీఎస్ 7671 వైరింగ్ నియమాల 2018 ఎడిషన్ చెబుతోంది. పైన, కింద లైట్లు రెండూ కలిపి ఒకే ఆర్‌సీబీఓ మీద పెట్టడం చాలామంది చేసే సర్దుబాటు. ట్రిప్పింగ్ ఆగుతుంది, ప్రమాదమూ తగ్గుతుంది, కానీ ఒక్క లోపం వస్తే ఇల్లంతా చీకటి. సర్టిఫికెట్‌లో రాసి పెట్టేట్టయితే తాత్కాలికంగా ఫరవాలేదంటాను. అసలు మందు ఆ లైటుకి సరైన న్యూట్రల్ లాగడమే.

అతను అసలు స్పందించకపోతే ఇంకో రిజిస్టర్డ్ ఎలక్ట్రీషియన్‌ని పిలిచి ఈఐసీఆర్, అంటే ఇంటి కరెంటు స్థితి మీద నివేదిక, తీయించండి. ఒకటి గుర్తుంచుకోండి, ఒకరు చేసిన పనికి ఇంకొకరు ఇన్‌స్టలేషన్ సర్టిఫికెట్ ఇవ్వలేరు, ఇస్తానన్నవాణ్ణి నమ్మకండి. ఆ నివేదిక పట్టుకుని కౌన్సిల్ బిల్డింగ్ కంట్రోల్‌తో మాట్లాడితే రెగ్యులరైజేషన్, అంటే తెలియజేయకుండా జరిగిన పనికి తర్వాత ఆమోదం తెచ్చుకునే దారి, చెబుతారు. రేపు ఇల్లు అమ్మేటప్పుడు కొనేవాళ్ల సొలిసిటర్ ఈ కాగితం అడుగుతాడు, అప్పుడు పరుగులు పెట్టడం కంటే ఇప్పుడే నయం.

ప్రశ్న (స్లౌ నుంచి ఒక పాఠకుడు): ఫ్యూజ్ బాక్స్ మార్చడానికి ధర చెప్పమని ఒక ఇంగ్లిష్ ఎలక్ట్రీషియన్‌ని పిలిచాం. ఆయన గంటసేపు ఇల్లంతా తిరిగి, గ్యాసు పైపుకి, నీళ్ల పైపుకి కొత్త ఎర్త్ తీగ వేయాలి, లైట్లకు అసలు ఎర్తే లేదు, ఇవి తేలకుండా బాక్స్ ముట్టుకోను అన్నాడు. ధర మేం అనుకున్నదానికి చాలా ఎక్కువైంది. బంధువులు ఇదంతా డబ్బు గుంజే ఎత్తు, సగం ధరకి చేసేవాడు ఉన్నాడు అంటున్నారు.

జవాబు: ఆ ఎలక్ట్రీషియన్‌ని వదులుకోకండి. పై ఉత్తరంలోని ఇంట్లో జరగనిది మీ ఇంట్లో జరిగింది, బాక్స్ తెరవకముందే చూశాడు, చెప్పాడు.

పైపులకు వేసే తీగను బాండింగ్ అంటారు. ఇంగ్లండ్‌లో చాలా ఇళ్లకు వీధి కేబుల్‌లోంచి వచ్చే న్యూట్రల్‌నే ఎర్త్‌గా కూడా వాడుతారు. ఎప్పుడైనా వీధిలో ఆ న్యూట్రల్ తెగిపోతే మీ ఇంట్లో ఎర్త్‌కి కలిసిన ప్రతి లోహపు వస్తువూ, వాషింగ్ మెషీన్ ఒళ్లు, కెటిల్ ఒళ్లు, కరెంటు పట్టుకుని కూర్చుంటుంది. ఆర్‌సీడీ, అంటే ఆర్‌సీబీఓలాగే తేడా చూసి కట్ చేసే పరికరం, దీన్ని ఆపలేదు. నీళ్ల పైపు, గ్యాసు పైపు కూడా అదే ఎర్త్‌కి లావుపాటి తీగతో కట్టి ఉంటే ఒక చెయ్యి మెషీన్ మీద, ఇంకో చెయ్యి కుళాయి మీద పెట్టినవాడికి రెంటి మధ్యా తేడా ఉండదు కాబట్టి బతుకుతాడు. ఇలాంటి సరఫరా ఉన్న మామూలు ఇంటికి ఆ తీగ 10 చదరపు మిల్లీమీటర్లు ఉండాలి, పాత ఇళ్లలో చాలాచోట్ల అంతకంటే సన్నది ఉంటుంది, కొన్నిచోట్ల పైపు మార్చిన ప్లంబర్ తీసేసి మళ్లీ పెట్టడు. గ్యాసు వైపు మీటరు నుంచి బయటికొచ్చాక 600 మిల్లీమీటర్ల లోపే, పైపు ఇంకో కొమ్మగా చీలకముందే క్లిప్పు పడాలి. మీ నీళ్ల పైపు వీధి నుంచి ప్లాస్టిక్‌లో వస్తుంటే నీళ్ల వైపు తీగ అవసరం లేకపోవచ్చు, ఆ ఒక్క సంగతి ఆయన్ని అడగండి, పరీక్షించి చెబుతాడు. మిగతాదాంట్లో బేరం వద్దు.

లైట్లకు ఎర్త్ లేకపోవడం వేరే కథ. అక్కడి నియమాల్లో లైట్ల సర్క్యూట్లకు ఎర్త్ తీగ తప్పనిసరి అయింది 1966లో. అంతకుముందు వైరింగ్ చేసిన ఇళ్లలో స్విచ్‌కి రెండే తీగలు కనిపిస్తాయి. అది తెలిసి, ఇంటిని ఆ మేరకు జాగ్రత్తగా వాడుకుంటే బాక్స్ మార్చుకోవచ్చు: ప్లాస్టిక్ స్విచ్‌లు, చతురస్రంలో చతురస్రం గుర్తున్న డబుల్ ఇన్సులేటెడ్ లైట్లు మాత్రమే ఉండాలి, లైట్లకు ఎర్త్ లేదన్న హెచ్చరిక కాగితం బాక్స్ దగ్గర అంటించి ఉండాలి. మన ఇళ్లలో ఇక్కడే చిక్కొస్తుంది. హాల్లో షాండిలియర్, పూజ దగ్గర ఇండియా నుంచి మోజుపడి తెచ్చుకున్న ఇత్తడి లైటు, వంటింట్లో మెరిసే స్టీలు స్విచ్‌లు. ఎర్త్ లేని తీగకి ఇత్తడి లైటు వేలాడుతుంటే, లోపల తీగ ఒరుసుకున్న రోజున ఆ ఇత్తడి మొత్తం కరెంటే, దుమ్ము తుడవడానికి తడిగుడ్డతో పట్టుకున్నవాళ్లకే తెలుస్తుంది. అలాంటివి ఉంటే ఇప్పుడే దింపేయండి. డబ్బు సమకూరాక లైట్ల వైరింగ్ మార్పించుకోండి, ఎలాగూ గోడలకు రంగులేయించేటప్పుడు చేస్తే ఒకే దుమ్ముతో పోతుంది.

ఆయన ధరలో సర్జ్ ప్రొటెక్షన్, అంటే వోల్టేజీ ఉన్నట్టుండి ఎగిసినప్పుడు కాపాడే పరికరం, అని కూడా రాసి ఉండొచ్చు. బీఎస్ 7671కి 2022లో వచ్చిన సవరణ తర్వాత అది పెట్టడమే నియమం. ఇంటి యజమాని నష్టం వచ్చినా భరిస్తానని చెప్పి వద్దనొచ్చు, కానీ ఇంట్లో టీవీ, ల్యాప్‌టాపులు, బాయిలర్ సర్క్యూట్ బోర్డు ధర తలుచుకుంటే వద్దనాల్సిన ఖర్చు కాదది. సగం ధరకి చేస్తానన్న మనిషి స్కీము నంబరు అడిగి ఆ స్కీము వెబ్‌సైట్‌లో వెతకండి. వ్యాన్ మీద స్టిక్కర్ చూసి నమ్మొద్దు.

ప్రశ్న (లెస్టర్ నుంచి): బాక్స్ మార్చేటప్పుడు మీటరు ముందున్న పెద్ద ఫ్యూజు సీలు తెంపి తానే పీకేస్తానన్నాడు ఎలక్ట్రీషియన్. అది మా సప్లయర్‌ది కదా, తప్పు కాదా?

జవాబు: ఆ ఫ్యూజు ఉన్న పెట్టె, అంటే కటౌట్, మీ ప్రాంతపు నెట్‌వర్క్ కంపెనీది, మీటరు మీకు బిల్లు వేసే సప్లయర్ తరఫున పెట్టింది. మీటరు నుంచి బాక్స్‌దాకా వచ్చే లావు తీగల దగ్గర్నుంచి మాత్రమే మీది. అనుమతి లేకుండా సీలు తెంపే హక్కు ఎలక్ట్రీషియన్‌కి లేదు. చాలామంది తెంపుతారు, నాకు తెలుసు, సప్లయర్‌తో అపాయింట్‌మెంట్ దొరకడానికి వారాలు పడుతుందని వాళ్లూ విసిగిపోయారు. అయినా ఆ ఫ్యూజు వెనక వీధి కేబుల్ ఉంది, దాన్ని ఆపే స్విచ్ ఇంట్లో ఎక్కడా లేదు. పాత కటౌట్ పగిలో తీగ వదులైపోయో ఉంటే, పీకేటప్పుడు వచ్చే మెరుపుకి చెయ్యీ మొహమూ కాలిపోతాయి. సప్లయర్‌కి ఫోన్ చేసి మీటరు తర్వాత ఒక డబుల్ పోల్ ఐసొలేటర్, అంటే ఫేజునూ న్యూట్రల్‌నూ రెంటినీ ఆపే స్విచ్, పెట్టమని అడగండి, ఒకసారి పెట్టారంటే ఇక జీవితాంతం ఎవరూ సీలు తెంపాల్సిన పని ఉండదు. ఆ కటౌట్ వేడిగా ఉన్నా, కాలిన వాసన వచ్చినా 105కి ఫోన్ చేయండి, ఇంగ్లండ్, వేల్స్, స్కాట్లండ్‌లో ఎక్కడున్నా మీ నెట్‌వర్క్ కంపెనీకి కలుస్తుంది, ఖర్చు ఉండదు.

ప్రశ్న (మిల్టన్ కీన్స్ నుంచి): కొనబోయే ఇంట్లో కన్స్యూమర్ యూనిట్ ప్లాస్టిక్‌ది. పనిచేస్తోంది, ఆర్‌సీడీ కూడా ఉంది. ప్లాస్టిక్ ఇప్పుడు చట్టవిరుద్ధం, వెంటనే మార్చాలి అని ఒకరు భయపెడుతున్నారు. టెన్షన్‌గా ఉంది.

జవాబు: టెన్షన్ అక్కర్లేదు. ఇళ్లలో కొత్తగా పెట్టే యూనిట్ మంటకు అంటుకోని పదార్థంతో, అంటే స్టీలులాంటి దానితో, చేసి ఉండాలన్న నియమం 2016 జనవరి 1 నుంచి వచ్చింది. లండన్‌లో ప్లాస్టిక్ యూనిట్లలో మొదలైన మంటలు ఎక్కువయ్యాయని లండన్ ఫైర్ బ్రిగేడ్ గట్టిగా చెప్పాక జరిగిన మార్పిది. అప్పటికే ఉన్నవాటిని పీకేయమని ఆ నియమం చెప్పదు. మీ ఇంటి ఈఐసీఆర్‌లో దానికి సాధారణంగా సీ3, అంటే మెరుగుపరిస్తే మంచిది అన్న గుర్తు రావచ్చు, కాలిన ఆనవాళ్లో వదులైన కనెక్షన్లో ఉంటే తప్ప.

ఆ మంటలకు అసలు కారణం లోపలి లూజ్ కనెక్షన్లు. స్క్రూ సరిగ్గా బిగించకపోతే అక్కడ వేడి పుడుతుంది, ఏళ్ల తరబడి నెమ్మదిగా తీగ తొడుగు నల్లబడుతుంది, ఒకరోజు అంటుకుంటుంది. స్టీలు పెట్టె మంటను లోపలే ఉంచడానికి పనికొస్తుంది, స్క్రూ బిగించదు. అందుకే బాక్స్ మార్చే ఎలక్ట్రీషియన్ తయారీదారు చెప్పిన బిగువుకి టార్క్ స్క్రూడ్రైవర్‌తో బిగించాలి, ఒక కంపెనీ పెట్టెలో ఇంకో కంపెనీ బ్రేకర్ సరిపోయింది కదా అని దూర్చకూడదు. బ్రేకర్లన్నిటికీ కరెంటు పంచే లోహపు పట్టీ, అంటే బస్‌బార్, మీద అది సరిగ్గా కూర్చోకపోతే మళ్లీ అదే లూజ్ కనెక్షన్. స్టీలు పెట్టెలో తీగలు దూరే రంధ్రాల అంచుకి రబ్బరు తొడుగు వేశాడా, వాడని రంధ్రాలు మూశాడా కూడా చూడండి, దీనికి చదువు అక్కర్లేదు, టార్చిలైటు చాలు.

ఇంకోటి, మెట్ల కింద ఆ అలమారాలో మనవాళ్లు సోనా మసూరి బస్తాలు, సూట్‌కేసులు, చలికోట్లు, అట్టపెట్టెలు బాక్స్‌కి ఆనించి కుక్కుతారు. బయటికి వెళ్లే దారి ఆ మెట్ల పక్కనుంచే. బాక్స్ ప్లాస్టిక్‌దైనా స్టీలుదైనా దాని చుట్టూ ఖాళీ ఉంచి, పైన హాల్లో స్మోక్ అలారం పనిచేస్తోందో లేదో చూసుకోండి.

ప్రశ్న (ఇంగ్లండ్‌లో ఉంటూ కాకినాడ ఇంటి గురించి రాసిన పాఠకురాలు): అమ్మానాన్నల ఇంట్లో ఇప్పటికీ చెక్క బోర్డు మీద పింగాణీ ఫ్యూజులే. ఎలక్ట్రీషియన్ ఎంసీబీలు పెడితే చాలు, ఆర్‌సీసీబీ పెడితే ఊరికే పడిపోతుంటుంది, పెద్దవాళ్లు చీకట్లో ఇబ్బంది పడతారు అంటున్నాడట. నిజమేనా?

జవాబు: ఎంసీబీ తీగను కాపాడుతుంది, మనిషిని కాదు. 6 ఆంపియర్ల ఎంసీబీ పడాలంటే ఆరు ఆంపియర్లకు మించి వెళ్లాలి, మనిషి గుండె ఆగడానికి అందులో వందో వంతు చాలు. అమ్మ తడిచేతులతో గీజర్ పైపు పట్టుకున్నప్పుడు కాపాడేది 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీయే, అదీ పైన చెప్పిన ఆర్‌సీడీల్లో ఒక రకమే. అది లేకుండా బోర్డు మారిస్తే ఖర్చు పెట్టీ ఫలితం లేదు.

"ఊరికే పడిపోతుంది" అనేదానికి కారణం రెడింగ్ ఇంట్లోలాంటిదే. మన ఇళ్లలో ఇన్వర్టర్ పెట్టినప్పుడు లైట్లకు, ఫ్యాన్లకు ఫేజు ఇన్వర్టర్ నుంచి వేరే తీగలో వస్తుంది, న్యూట్రల్ మాత్రం ఇంటి మొత్తానికి ఒకటే వాడేస్తారు. వెళ్లిన దారిలో కరెంటు తిరిగిరాదు, ఆర్‌సీసీబీ పడుతుంది, ఎలక్ట్రీషియన్ దాన్ని బైపాస్ చేసి వెళ్లిపోతాడు. ఇన్వర్టర్ లైన్‌కి విడిగా న్యూట్రల్ లాగి, దానికి విడిగా ఇంకో ఆర్‌సీసీబీ పెడితే పడదు. రెండో కారణం, ఎర్త్ తీగ లేని చోట సాకెట్లో ఎర్త్ పిన్నును న్యూట్రల్‌కి కలిపేయడం. ఇది చాలా ప్రమాదం, ఎక్కడైనా న్యూట్రల్ ఊడితే ఫ్రిజ్ ఒళ్లంతా కరెంటు వస్తుంది. బోర్డు మార్చేవాడు ప్రతి సాకెట్ విప్పి ఇది లేదని చూడాలి. పెరట్లో ఎర్త్ పిట్ ఉందా, దాని తీగ బోర్డుదాకా నిజంగా వస్తోందా, మధ్యలో తుప్పుపట్టి తెగిపోయిందా, ఎర్త్ మీటరుతో కొలవమనండి.

కాకినాడలో ఇంగ్లండ్‌లోలా కౌన్సిల్‌కి తెలియజేసే పద్ధతి లేదు కాబట్టి అడిగే బాధ్యత మీ మీద ఎక్కువ పడుతుంది. లైసెన్సున్న ఎలక్ట్రికల్ కాంట్రాక్టరుతోనే చేయించండి. ఏ సర్క్యూట్ ఏ బ్రేకర్‌దో తెలుగులో రాసి బోర్డు తలుపు లోపల అంటించమనండి, మీరు వీడియో కాల్‌లో ఉండగా ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ నొక్కి చూపించమనండి. చీకటి భయానికి బోర్డు దగ్గర ఒక రీచార్జబుల్ ఎమర్జెన్సీ లైటు పెడితే సరిపోతుంది.

ప్రశ్న (క్రాయిడన్ నుంచి): ఆ టెస్ట్ బటన్ ఎన్నాళ్లకోసారి నొక్కాలి? కంప్యూటర్లు పాడవుతాయా?

జవాబు: ఆరు నెలలకోసారి. ఇంగ్లండ్‌లో మార్చిలో, అక్టోబరులో గడియారాలు మార్చే రోజు పెట్టుకుంటే గుర్తుంటుంది. కంప్యూటర్లు ముందే మామూలుగా ఆపేసి నొక్కండి. ఆర్‌సీబీఓలు ఉన్న బాక్స్ అయితే ఒక్కటి కాదు, ప్రతి దానికీ బటన్ ఉంటుంది, అన్నీ నొక్కాలి. నొక్కగానే టక్కున పడిపోవాలి. పడకపోతే ఆ సర్క్యూట్ ఆఫ్ చేసి ఉంచి ఎలక్ట్రీషియన్‌ని పిలవండి.